ఆండ్రియా జేగర్ వీడియో చూసినప్పటి నుంచి మా అమ్మాయి ఒకటే పట్టు. ఏం చెప్పమంటారు?

బెజవాడ_నాన్న
మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఏడో ఏట నుంచి టెన్నిస్ ఆడుతోంది. పొద్దున అయిదున్నరకి కోర్టు, సాయంత్రం స్కూలు నుంచి రాగానే మళ్లీ రెండు గంటలు. వచ్చే నెల చెన్నైలో టోర్నమెంటు ఉంది. మొన్న కోచింగ్‌లో ఎవరో ఆండ్రియా జేగర్ అనే పాతకాలపు క్రీడాకారిణి వీడియో చూపించారట. మా పిల్ల వయసుకే ప్రొఫెషనల్ అయ్యి, ప్రపంచంలో రెండో ర్యాంకు దాకా వెళ్లి, భుజం దెబ్బతిని, ఆ తర్వాత సంపాదించిన డబ్బంతా క్యాన్సర్ పిల్లల కోసం పెట్టిందట. ఇక అప్పటి నుంచి "చెన్నైకి పెట్టే డబ్బులు నాకిచ్చెయ్ నాన్నా, పిల్లల వార్డుకి బొమ్మలు కొంటా" అని ఒకటే పట్టు. రైలు, లాడ్జి, ఎంట్రీ, కోచ్ ఖర్చు కలిపి ఇరవై రెండు వేలు. వాళ్లమ్మ కూడా పిల్ల వైపే. నాకు కోపం ఆగక నాలుగు మాటలనేశాను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

ఆ జేగర్ ఆట వదిలేసి ఆ పనికి వెళ్లిందా, ఆటే ఆమెని వదిలేసిందా? తెలిసినవాళ్లు చెప్పండి. పిల్లకి ఏం చెప్పాలో నాకు పాలుపోవడం లేదు.

స్కోరుబోర్డు
ఎన్నాళ్లకి విన్నానండీ ఆ పేరు! నేను కాలేజీలో ఉండగా పేపర్లో ఆటల పేజీ కత్తిరించి దాచుకునేవాణ్ని. అందులో ఆ అమ్మాయి ఫొటో ఉండేది. రెండు జడలు, పళ్లకి క్లిప్పులు, చేతిలో రాకెట్. మన ఊళ్లో తొమ్మిదో తరగతి పిల్లలాగే ఉండేది.

షికాగో అమ్మాయి, 1965లో పుట్టింది. 1980లో ప్రొఫెషనల్ అయింది. ఆ ఏడాదే పదిహేనేళ్లకి వింబుల్డన్‌లో క్వార్టర్ ఫైనల్, యూఎస్ ఓపెన్‌లో సెమీస్. 1981లో రెండో ర్యాంకు. 1982 ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్‌లో క్రిస్ ఎవర్ట్‌ని ఓడించింది, అదీ మట్టికోర్టు మీద. ఆ రోజుల్లో మట్టి మీద ఎవర్ట్‌ని ఓడించడమంటే మాటలు కాదు. ఫైనల్లో నవ్రతిలోవా చేతిలో ఓడింది. 1983 వింబుల్డన్ సెమీస్‌లో బిల్లీ జీన్ కింగ్‌ని 6-1, 6-1తో ఓడించి, ఫైనల్లో మళ్లీ నవ్రతిలోవా చేతిలోనే 6-0, 6-3తో పోయింది. మరుసటి ఏడాది ఫ్రెంచ్ ఓపెన్‌లో భుజం పట్టేసింది. తర్వాత మళ్లీ ఆడాలని చూసింది గానీ కుదరలేదు. ఆ భుజానికి ఏడు ఆపరేషన్లయ్యాయి.

కాబట్టి మీ ప్రశ్నకి సగం జవాబు: ఆటే ఆమెని వదిలేసింది.

లక్ష్మీవారం
మరి ఛాంపియన్ ఛాంపియన్ అంటారేంటి అందరూ? రెండు ఫైనల్స్ ఓడిపోయింది కదా.

స్కోరుబోర్డు
@లక్ష్మీవారం సింగిల్స్‌లో గ్రాండ్‌స్లామ్, అంటే వింబుల్డన్ లాంటి నాలుగు పెద్ద టోర్నమెంట్లలో ఒక్కటీ లేదు, నిజమే. 1981 ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది, జిమ్మీ అరియాస్‌తో కలిసి. ఇద్దరికీ అప్పటికి పదహారేళ్లే. మామూలు టోర్నమెంట్లు పది దాకా గెలిచింది. ఛాంపియన్ అనడానికి నాకైతే అది చాలు.

అమలాపురం_అబ్బాయి
బెజవాడ అన్నా, చిన్నపిల్ల మాట పట్టుకుని టోర్నమెంటు మానకండి. జేగర్ సంపాదించాక ఇచ్చింది. ఏమీ సంపాదించకముందే ఇచ్చేస్తానంటే ఎలా? ముందు ఆడమనండి, గెలవమనండి. అప్పుడు ఇరవై రెండు వేలేం ఖర్మ, ఇరవై రెండు లక్షలివ్వచ్చు.

లక్ష్మీవారం
పిల్ల అడిగింది ఇరవై రెండు లక్షల గురించి కాదు తమ్ముడూ. ఈ నెల గురించి.

డెన్వర్_తెలుగు
స్కోరుబోర్డు గారు ఆట గురించి చెప్పారు, నేను తర్వాతది చెబుతాను. మేముండేది కొలరాడోలో. ఆమె పని మొదలుపెట్టింది ఇక్కడే, ఆస్పెన్‌లో, 1990లో. సిల్వర్ లైనింగ్ ఫౌండేషన్ అని పేరు. చేతిలో ఉన్నది ఆటలో గెలిచిన డబ్బు. క్యాన్సర్ ఉన్న పిల్లల్ని విడతలవారీగా పిలిచి వారం రోజులు కొండల్లో ఉంచుకునేది. గుర్రాలెక్కడం, నదిలో పడవలు, చలికాలంలో మంచు ఆటలు. మొదట్లో వాళ్లకంటూ చోటు లేదు. పదెకరాల స్థలం ఒకరు దానంగా ఇస్తే అక్కడ పెద్ద ఇల్లు కట్టారు, 1999లో తెరిచారు. మెకన్రో, అగస్సీ, శాంప్రాస్ లాంటి టెన్నిస్ ఆటగాళ్లు సాయానికొచ్చారు. తర్వాత లిటిల్ స్టార్ ఫౌండేషన్ అని పేరు మారింది.

ఆస్పెన్ అంటే కోటీశ్వరుల ఊరు. ఎనిమిది వేల అడుగుల ఎత్తు. శీతాకాలంలో గది అద్దె వింటే గుండె ఝల్లుమంటుంది. అలాంటి ఊళ్లో, జుట్టూడిన పిల్లలు టోపీలు పెట్టుకుని పైసా ఖర్చు లేకుండా ఉండిపోవడం... నాకైతే ఆ ఊరిని ఆమె వాడుకున్న తీరే నచ్చింది.

కాజా_బాబాయ్
తర్వాత కేథలిక్ నన్ అయిపోయింది కదూ?

డెన్వర్_తెలుగు
నన్ అయింది, కేథలిక్ కాదు బాబాయ్. 2006లో ఆంగ్లికన్ అనే వేరే క్రైస్తవ శాఖకి చెందిన డొమినికన్ సంఘంలో చేరింది. సిస్టర్ ఆండ్రియా అనేవాళ్లు.

అమలాపురం_అబ్బాయి
ఎవరికైనా కోపం వస్తే రానీండి, అడిగేస్తా. వారం రోజుల గుర్రపు స్వారీకి పెట్టే డబ్బు మందులకి పెడితే ఇంకో పిల్లాడు బతుకుతాడు కదా? మా వీధిలో ఒక బాబుకి ఇంజెక్షన్లకి చాలక చందాలెత్తాం. నాలుగు రోజులు తిరిగితే ముప్పై ఒక్క వేలొచ్చాయి. అలాంటిచోట ఈ సరదాలేంటి?

పాలమూరు_పిల్ల
అమలాపురం అన్న అడిగింది తప్పేం కాదు. నేను హైదరాబాద్‌ల ఒక పిల్లల క్యాన్సర్ వార్డుకు రెండేండ్ల సంది వాలంటీరుగ పోతున్న. బొమ్మలు మస్తుగ వస్తయి. దినానికి ఒకలు కేకు తెస్తరు. కనీ పిల్లగాని అమ్మ నాయిన రాత్రి యాడ పండుకుంటున్నరో ఎవరడగరు. ఆరోగ్యశ్రీల కీమో అయితది. నాయిన కూలి పోయిందానికి ఎవరిస్తరు? ఇంటికాడ ఇంకో ఇద్దరు పిల్లలుంటరు. మూడు నెలలు చూసి, జ్వరం తగ్గింది, పిల్లగాడు నవ్వుతుండు, మంచిగైండు అనుకుని ఊరికి పోతరు. మళ్ల రారు. నడిమిట్ల ఆపితే బీమారి తిరిగొస్తది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చూడుండ్రి. పైసలున్న దేశాలల్ల క్యాన్సరొచ్చిన పిల్లలల్ల 80 శాతం కన్న ఎక్కువమంది మంచిగైతున్నరు. బీద దేశాలల్ల, నడిమి తరం దేశాలల్ల 30 శాతం కూడ లేరు. దానికి వాళ్లు చెప్పిన కారణాలల్ల ఇట్ల నడిమిట్ల ఆపేసుడు కూడ ఒకటి. మందు లేక కాదు, మందు కాడ ఉండనీకి జాగ లేక.

డెన్వర్_తెలుగు
పాలమూరు చెల్లెమ్మ చెప్పిన అవసరం ఇక్కడ తక్కువ. దేశం మారితే లోటు కూడా మారుతుంది. ఇక్కడ పిల్లాడికి మందు దొరుకుతుంది, కానీ బాల్యం ఆస్పత్రిలోనే అయిపోతుంది. అందుకే ఇలాంటి శిబిరాలు. నటుడు పాల్ న్యూమన్ 1988లో కనెక్టికట్‌లో ఒకటి పెట్టాడు. డాక్టర్లు, నర్సులు అక్కడే ఉంటారు, పిల్లలకి అంతా ఉచితం.

పాలమూరు_పిల్ల
మనకాడ కూడ చేసేటోళ్లున్నరు. సెయింట్ జూడ్ ఇండియా అని 2006ల ముంబైల షురూ చేసిన్రు. చికిత్స నడుస్తున్న పిల్లగానికి, అమ్మ నాయినకు పైసలు తీసుకోకుండ గది, వంట చేసుకునే జాగ ఇస్తరు. హైదరాబాద్‌ల కూడ ఉన్నది. అమలాపురం అన్నా, మందుకా ఆటకా అని కొట్లాట పెట్టకు. గదికి పెట్టు.

అమ్మలు_2016
ఈ థ్రెడ్ మూడుసార్లు తెరిచి మూసేశాను. ఇక ఆగలేక రాస్తున్నాను.

మా బాబుకి 2019లో వచ్చింది, మూడేళ్లప్పుడు. రక్త క్యాన్సర్, ఏఎల్ఎల్ అంటారు. మా ఊళ్లో డాక్టరు మూడు వారాలు టైఫాయిడ్ అని మందులిచ్చాడు. కాళ్ల మీద నల్లమచ్చలొస్తే ఆడుకుంటూ పడ్డాడనుకున్నాం. హైదరాబాద్ వచ్చాక తెలిసింది. రెండున్నరేళ్ల చికిత్స. వెన్నులో సూదులు, నెలకోసారి కీమో, రోజూ రాత్రి మాత్రలు. జ్వరం వచ్చిందంటే అర్ధరాత్రయినా ఆటో ఎక్కి వార్డుకి పరుగు.

మొదటి నెల స్టెరాయిడ్ ఇస్తారు. దాంతో పిల్లలకి పిచ్చి ఆకలి. రాత్రి రెండింటికి లేచి "పప్పన్నం, పప్పన్నం" అని ఏడ్చేవాడు. ఆవకాయ వద్దన్నారు, ఉత్త పప్పు, నెయ్యి. వార్డు బయట కారిడార్‌లో ఫ్లాస్కులోంచి వేడన్నం తీసి కలిపి పెట్టేదాన్ని. నాలుగు ముద్దలు తిని నిద్రపోయేవాడు. మళ్లీ నాలుగింటికి లేచేవాడు. బుగ్గలు బూరెల్లా అయిపోయి నా బిడ్డ నాకే కొత్తగా కనిపించేవాడు.

పాలమూరు చెల్లెలు చెప్పిన కేకులవాళ్లని నేనూ చూశాను. ఒకరోజు ఒక గుంపు వచ్చింది, బ్యానర్ పట్టుకుని. మా వాడికి అప్పుడే వాంతి అయింది. "బాబూ ఇటు చూడు, నవ్వు" అని ఫొటో తీసుకుని, చేతిలో కారు బొమ్మ పెట్టి వెళ్లిపోయారు. వాడా బొమ్మని ఎప్పుడూ ముట్టలేదు.

కానీ ఒక అమ్మాయి వచ్చేది. డిగ్రీ చదువుతోంది, ప్రతి గురువారం. ఏమీ తెచ్చేది కాదు. సబ్బుతో కడిగిన గవ్వలు, అష్టాచెమ్మా గడి గీసిన ఒక ప్లాస్టిక్ షీటు, అంతే. వాడి మంచం మీద కూర్చుని ఆడేది. ఓడిపోతే నిజంగానే పేచీ పెట్టేది, జాలిపడి గెలిపించేది కాదు. మా వాడు బుధవారం నుంచే "రేపు అక్క వస్తుందా" అని అడిగేవాడు. సూది రోజు గురువారం పడితే ఏడవకుండా వెళ్లేవాడు, ఎందుకంటే తిరిగొచ్చేసరికి అక్క ఉంటుంది. అమలాపురం తమ్ముడూ, ఆ గవ్వలు మందు కాదు. కానీ వాడు ఆ మందు తీసుకున్నాడంటే ఆ గవ్వల వల్లే. ఆస్పెన్‌కి వెళ్లొచ్చిన పిల్లలు కూడా తర్వాతి కీమోకి అలాగే వెళ్లి ఉంటారని నా నమ్మకం.

చికిత్స 2022లో అయిపోయింది. ఇప్పుడు స్కూలుకి వెళ్తున్నాడు. లెక్కలంటే పడదు.

కాజా_బాబాయ్
అమ్మా, చల్లగా ఉండాలి మీ బాబు. లెక్కలు మా ఇంట్లో కూడా ఎవరికీ పడవు. మీ అడ్రసు చెబితే తాపేశ్వరం కాజాలు పంపిస్తాను వాడికి.

అమలాపురం_అబ్బాయి
అక్కా, క్షమించండి. సరదా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇన్నాళ్లూ బిల్లుల వైపు నుంచే చూశాను.

అమ్మలు_2016
క్షమాపణెందుకు తమ్ముడూ, మీరు నాలుగు రోజులు చందాకి తిరిగారు. అలా తిరిగినవాళ్ల వల్లే మాకూ మొదటి నెల గడిచింది.

ఫోర్‌హ్యాండ్_మాస్టారు
నేను పద్దెనిమిదేళ్లుగా పిల్లలకి టెన్నిస్ నేర్పుతున్నాను. అందరూ ఆస్పత్రి గురించే రాస్తున్నారు. నాకు మొదటి పోస్టులో ఇంకోటి కనిపించింది.

జేగర్ పద్నాలుగు నుంచి పంతొమ్మిది దాకా పెద్దవాళ్లతో సమానంగా ఊరూరా తిరిగి ఆడింది. ఎముక ఇంకా ఎదుగుతున్న వయసు అది. ఆ భుజం అలా కావడానికి అదొక్కటే కారణమని నేననను. కానీ ఆమె ఒక్కర్తే కాదు. ట్రేసీ ఆస్టిన్ పదహారేళ్లకి యూఎస్ ఓపెన్ గెలిచింది, ఇరవై ఒక్కటి దాటేలోపు నడుము దెబ్బలతో ఆట ఆగిపోయింది. తర్వాత జెన్నిఫర్ కాప్రియాటి, ఆమె కూడా చిన్న వయసులోనే ఆటలోకి వచ్చి మధ్యలో కొన్నాళ్లు దూరమైంది. ఇవన్నీ చూశాకే మహిళల టెన్నిస్ సంఘం 1995 నుంచి వయసు నిబంధనలు బిగించింది. పద్నాలుగేళ్ల పిల్ల ఏడాదికి ఇన్ని టోర్నమెంట్లే ఆడాలని ఇప్పుడు లెక్క ఉంది. పద్దెనిమిది వచ్చేదాకా ఆ పరిమితులుంటాయి.

బెజవాడ గారూ, పొద్దున, సాయంత్రం కలిపి మీ అమ్మాయి రోజుకి ఎన్ని సర్వ్‌లు, అంటే చెయ్యి తల మీదుగా ఎత్తి బంతి మొదలుపెట్టే దెబ్బలు, కొడుతోంది? ఈ మధ్య చెయ్యి పైకెత్తి జడ వేసుకోవడానికి ఇబ్బంది పడుతోందా? కోప్పడకుండా అడగండి. వీడియోలో మీ పాపని పట్టుకున్నది క్యాన్సర్ పిల్లలొక్కరే అని నాకు అనిపించడం లేదు.

లక్ష్మీవారం
మాస్టారూ, నాకు తట్టనే లేదు.

స్కోరుబోర్డు
మాస్టారి మాటకి ఒకటి కలుపుతాను. 1983 ఫైనల్ గురించి చాలా ఏళ్ల తర్వాత జేగరే చెప్పుకుంది. ముందు రోజు రాత్రి తండ్రితో గొడవైందని, మర్నాడు కోర్టులో మనసు పెట్టి ఆడలేదని. తండ్రే కోచ్, చాలా గట్టి మనిషి. బెజవాడ గారూ, మిమ్మల్ని అంటున్నానని అనుకోకండి. ఇంట్లో పిల్ల మాట్లాడటం మానేసిందన్నారు కాబట్టి చెబుతున్నా. అదే ముందు చూడండి, చెన్నై సంగతి తర్వాత.

నైట్‌డ్యూటీ
పిల్లల ఆంకాలజీ వార్డులో నర్సుని. డ్యూటీ దిగి చదువుతున్నాను. బొమ్మలు కొందామనుకునేవాళ్లకి ఒక మాట.

కీమో తర్వాత పిల్లల తెల్లకణాలు పడిపోతాయి. మేం "కౌంట్ పడింది" అంటాం. వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం 500 కంటే తగ్గితే మామూలు జలుబు కూడా ప్రమాదమే. దుమ్ము పట్టే గుడ్డబొమ్మలు, టెడ్డీలు, పూలు, మట్టి కుండీలు తేకండి. తుడవగలిగేవి, కడగగలిగేవి తెండి. అమ్మలు గారు చెప్పిన గవ్వలు, ప్లాస్టిక్ షీటు బ్రహ్మాండం. రంగు పెన్సిళ్లు కొత్త పెట్టె పెట్టెగా ఇవ్వండి, ఇద్దరికి పంచకండి. జలుబుంటే ఆ రోజు రాకండి. చేతికి కాన్యులా, అంటే మందెక్కించే సన్నటి గొట్టం, ఉన్న పిల్లాడు ఒంటిచేత్తో ఆడుకునేవైతే ఇంకా మంచిది. వచ్చేముందు వార్డుకి ఫోన్ చేసి అడగండి, మేం విసుక్కోం. ఒకసారి వచ్చి మానేయడం కంటే నెలకోసారైనా అదే మనిషి రావడం పిల్లలకి ఇష్టం. పేరు గుర్తుపెట్టుకుంటారు.

పాలమూరు_పిల్ల
నైట్‌డ్యూటీ అక్క చెప్పింది ప్రింటు తీసి వార్డు తలుపుకు అంటించాలె.

బెజవాడ_నాన్న
అయిదు రోజులైంది, రాయడానికి కాస్త ధైర్యం కావలసి వచ్చింది.

ఫోర్‌హ్యాండ్ మాస్టారూ, మీరడిగినట్టే అడిగాను. కోర్టు దగ్గర కాదు, ఇంట్లో, వాళ్లమ్మ జడ వేస్తుంటే పక్కన కూర్చుని. ముందు ఏమీ లేదంది. తర్వాత చెయ్యి భుజం దాకా ఎత్తి అక్కడ ఆపేసింది. రెండు నెలలుగా నొప్పట. జడ వాళ్లమ్మే ఎందుకు వేస్తోందో నాకు ఇప్పుడు తెలిసింది. చెబితే నేను బాధపడతానని, ఇంత డబ్బు పెట్టానని చెప్పలేదట. "ఆ అక్కకి కూడా భుజమే పోయింది కదా నాన్నా" అంది. ఆ వీడియోలో నేను డబ్బు ఇచ్చేయడమే చూశాను. అది భుజం కూడా చూసింది.

ఎముకల డాక్టరుకి చూపించాం. వాపు ఉంది, చిరగలేదు. ఆరు వారాలు రాకెట్ ముట్టుకోవద్దన్నారు, తర్వాత ఫిజియో. చెన్నై రద్దు. ఎంట్రీ, రైలు పోను పదహారు వేలు మిగిలాయి. ఫిజియోకి నేను వేరే చూసుకుంటాను, ఈ డబ్బు తనదే అన్నాను. పాలమూరు చెల్లెలి పోస్టు తనే చదివి సగం గదుల సంస్థకి పంపమంది. మిగతా సగానికి జాబితా రాస్తోంది, నైట్‌డ్యూటీ గారి పోస్టు పక్కన పెట్టుకుని. మాట్లాడుతోంది నాతో.

ఫోర్‌హ్యాండ్_మాస్టారు
చిరగలేదంటే దేవుడు మంచివాడు. ఆరు వారాలూ పూర్తిగా ఆపండి, అయిదో వారంలో "బాగానే ఉంది" అంటుంది, నమ్మకండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు సర్వ్ అన్నిటికన్నా చివర.

అమ్మలు_2016
పాపని మా వాడు కలుస్తానంటున్నాడు. అష్టాచెమ్మా వచ్చా అని అడుగుతున్నాడు.

బెజవాడ_నాన్న
రాదటండి, నేర్చుకుంటానంటోంది. ఆదివారం ఇక్కడి వార్డుకి ఫోన్ చేసి వెళ్లాం. ఏడేళ్ల బాబు ఒకడు టెన్నిస్ ఆడతావా అని అడిగి, బంతి చూపించమన్నాడట. ఈ ఆదివారం తీసుకెళ్తానని మాటిచ్చేసింది. నైట్‌డ్యూటీ గారూ, సీలు తీయని కొత్త డబ్బా ఉంది, తీసుకెళ్లొచ్చా?

నైట్‌డ్యూటీ
కొత్తదైనా వద్దు సార్. దాని మీద నూగు ఉంటుంది, దుమ్ము పట్టేస్తుంది, తుడవడం కుదరదు. నున్నటి ప్లాస్టిక్ బంతి తీసుకెళ్లండి, ఆకుపచ్చ రంగుదే దొరుకుతుంది. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, కొత్త కవర్లో పెట్టి. పాపని ఎడమ చేత్తో వేయమనండి.